గిరినార శిల: మనము చదువని గ్రంథము

గ్రంథమనగానే మన మనస్సులకు తోచునది తాళపత్రము, కానిచో ముద్రితపుస్తకము. శిలాశాసనమును గ్రంథముగా మన విద్యాసంప్రదాయము భావింపలేదు. అది చరిత్రకారుల సొత్తనియు, పురావస్తుశాఖవారి పనియనియు తలచి మనము దానిని వారికి విడిచిపెట్టితిమి. ఈ పంపకము సరియైనది కాదనియు, దీనివలన నష్టపడినది చరిత్రకంటె ముందుగా సంస్కృతవిద్యయే యనియు నా అభిప్రాయము. ఈ విషయమును ఒక్క రాతిని నిదర్శనముగా గైకొని విన్నవించుకొందును. సౌరాష్ట్రదేశమున జునాగఢమను ప్రాచీననగరము కలదు. దానిని పూర్వులు గిరినగరమనిరి. ఆ నగరమునుండి గిరినార పర్వతమునకు పోవు దారిప్రక్కన నున్న నల్లరాతి గుండు అది.

1984వ సంవత్సరమున ద్వారకా సోమనాథ యాత్రకు పోయిన మా బృందము జునాగఢమున ఒకదినము నిలిచినది. గిరినార మెట్లెక్కుటకు పోవుచు ఆ శిలయున్న మందిరమున ప్రవేశించితిమి. అప్పటికి నేను వ్యాకరణమును, అలంకారశాస్త్రమును బోధించుచు పదియేండ్లు గడపినవాడను. ఎనిమిదవయేట పాఠశాలలో చేరి శబ్దమంజరితో మొదలిడి, అమరమును కంఠస్థము చేసి, పంచకావ్యములు గురుముఖమున చదివి, కౌముదిని ముగించినవాడను. మా బృందమున గుంటూరు ప్రాంతపు వృద్ధరైతు ఒకడుండెను. అతడు శిలచుట్టును ఒకమారు తిరిగి నాకడకు వచ్చి, “శాస్త్రిగారూ, తమరు సంస్కృతం చదువుకున్నవారు గదా, దీనిమీద ఏం రాసుందండీ?” అని అడిగెను. నేను శిలవైపు చూచితిని. ఒక్క అక్షరమును నాకు తెలియలేదు. “పాతలిపి” యని చెప్పి ఊరకుంటిని. అతడును మరల అడుగలేదు.

నాకు భాష తెలియును, లిపి తెలియదు. భాష తెలిసి లిపి తెలియనివానికిని, లిపి తెలిసి భాష తెలియనివానికిని శిల సమానముగానే మూగది. తిరిగివచ్చిన పిమ్మట ఆ శాసనపాఠమును నాగరిలో సంపాదించి చదివితిని. చదివిన కొలదిని నా సిగ్గు పెరిగినది. నేను బోధించుచున్న శాస్త్రములన్నియు ఆ రాతిపై నుండినవి.

శిలపై మూడు యుగములు

ఆ గుండు సుమారు పండ్రెండడుగుల ఎత్తు కలది. దానిపై మూడు కాలముల వ్రాతలున్నవి. మొదటిది క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దినాటిది. మౌర్యచక్రవర్తి అశోకుని పదునాలుగు ధర్మలిపులు, బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కబడినవి. రెండవది మహాక్షత్రపుడగు రుద్రదాముని శాసనము. అందు చెప్పబడిన సంవత్సరము 72, అనగా క్రీ.శ. 150. మూడవది గుప్తచక్రవర్తి స్కందగుప్తుని కాలమునాటిది. అందు గుప్తసంవత్సరములు 136, 137, 138 పేర్కొనబడినవి. అవి క్రీ.శ. 455 మొదలు 458 వరకు గల కాలము. ఇట్లు దాదాపు ఏడువందల యేండ్ల చరిత్ర ఒక్క రాతిపై నిలిచియున్నది.

ఈ మూటిలో మొదటిదియు ఆంధ్రులకు పరాయిది కాదు. అశోకుని పదమూడవ ధర్మలిపిలో ఆంధ్రుల పేరు వచ్చును. ఇవే ధర్మలిపులు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్లపైనను చెక్కబడినవి. గిరినారమందలి ప్రాకృతపాఠము పశ్చిమదేశపు ఉచ్చారణను నిలుపుకొన్నది. ఇతరస్థలముల పాఠములలో లోపించిన రేఫసంయోగములు ఇందు కొన్ని కానవచ్చును. ఒక్క వాక్యమునే పలుదేశముల వ్రాయసకాండ్రు ఎట్లు పలికిరో పోల్చి చూచుట ప్రాకృతవ్యాకరణము చదువువారికి ఏ సూత్రపాఠమును ఈయలేని ప్రయోజనము నిచ్చును. పదునాలుగవ ధర్మలిపి మరియొక విశేషము చెప్పును: కొన్నిచోట్ల వ్రాత అసంపూర్ణముగా నున్నచో అది స్థలమునుబట్టియో, మరియొక కారణముచేతనో, లిపికరుని దోషముచేతనో సంభవించినదని చక్రవర్తియే ఒప్పుకొనుచున్నాడు. పాఠభేదములను గూర్చి ఇంత ప్రాచీనమైన, ఇంత నిర్మొగమాటమైన మాట మన దేశమున మరియొకటి నేనెరుగను. పాఠపరిష్కారమును వృత్తిగా గలవారము ఈ వాక్యమును పాఠ్యాంశముగా నుంచుకొనవలదా?

తెగిన సేతువు కథ

ఇక సంస్కృతపండితునికి ముఖ్యమైనది రెండవశాసనము. ఇరువది పంక్తుల గద్యము. పై పంక్తులు కొన్ని శిథిలములైనను కథ స్పష్టముగనే యున్నది. ఇది దేవాలయప్రతిష్ఠను గూర్చినది కాదు, విజయస్తంభమును కాదు. ఒక చెరువు మరమ్మతును గూర్చినది.

ఆ చెరువు పేరు సుదర్శనము. మౌర్యుడగు చంద్రగుప్తుని కాలమున అతని రాష్ట్రియుడును, వైశ్యుడును అగు పుష్యగుప్తుడు దానిని త్రవ్వించెను. అశోకుని కాలమున తుషాస్ఫుడను యవనరాజు దానికి తూములు, కాలువలు ఏర్పరచెను. తరువాత రుద్రదాముని కాలమున, మార్గశిర బహుళ పాడ్యమినాడు మహావర్షము కురిసినది. ఊర్జయత పర్వతమునుండి పారు సువర్ణసికత, పలాశిని మొదలగు నదులు పొంగినవి. ప్రళయమువంటి గాలి చెట్లను, కొండకొమ్ములను, మేడలను కూల్చినది. కట్టకు గండిపడినది. ఆ గండి కొలతలు శాసనమే చెప్పుచున్నది: 420 మూరల పొడవు, అంతే వెడల్పు, 75 మూరల లోతు. నీరంతయు పోయి చెరువు ఎడారివలె నాయెను.

ఈ తరువాతి భాగమే నన్ను మిక్కిలి ఆకర్షించినది. రాజు కట్టను తిరిగి కట్టింపదలచెను. గండి మిక్కిలి పెద్దదియగుటచేత మతిసచివులును, కర్మసచివులును ఉత్సాహము చాలక వలదనిరి. వారు అమాత్యగుణములన్నియు కలవారే యని శాసనము వారిని మన్నించుచునే, పనిని నిరాకరించిరని దాచక చెప్పినది. కట్ట మరల లేవదన్న నిరాశచే ప్రజలు హాహాకారములు చేసిరి. అప్పుడు ఆనర్త సురాష్ట్రములను పాలించుటకు నియుక్తుడైన సువిశాఖుడు పనిని పూనుకొనెను. అతడు కులైపుని కుమారుడు, పహ్లవుడు. లంచమెరుగనివాడని, గర్వములేనివాడని శాసనము అతనిని మెచ్చినది. స్వల్పకాలమున పూర్వముకంటె మూడురెట్లు దృఢమైన సేతువు సిద్ధమైనది. ఇందులకై ప్రజలపై పన్నులు, వెట్టి, ‘ప్రణయము’ విధింపక, రాజు తన బొక్కసమునుండియే విశేషధనము వెచ్చించెనని శాసనము నొక్కి చెప్పును.

ప్రశస్తులు అతిశయోక్తిమయములని, వాటిని నమ్మరాదని మనలో కొందరు చెప్పుదురు. రాజు గుణవర్ణన యున్నంతవరకు ఆ మాట నిజమే కావచ్చును. కాని మంత్రులు కాదన్నారని, ప్రజలు ఏడ్చినారని చెప్పుటకు పొగడ్తను కోరిన ఏ ప్రభువు పురికొల్పును? గండి కొలతను మూరలలో చెప్పుట ఏ అలంకారమున చేరును? ప్రశస్తిలో పొగడ్త ఎచట ముగియునో, వాస్తవము ఎచట మొదలగునో వేరుపరచి చూచుటకు కావ్యసంప్రదాయము లోతుగా తెలిసినవాడే సమర్థుడు. ఏది కవిసమయమో ఎరుగనివాడు ఏది కవిసమయము కాదో ఎట్లు చెప్పగలడు?

శాస్త్రదృష్టికి అందునవి

ఈ శాసనము చదువుటకు మన పాఠశాల చదువు ఎంత అక్కరకు వచ్చునో కొన్ని ఉదాహరణములు చూపుదును.

మొదటిది నిఘంటువు. మతిసచివులు, కర్మసచివులు అన్న విభాగము ఆధునికునికి వింతగా తోపవచ్చును. అమరమును వల్లించిన బాలునికి అది వింత కాదు. క్షత్రియవర్గమున అమరుడు ధీసచివుని, కర్మసచివులను వేరుచేసి చెప్పినాడు. విష్టి యనగా మన తెలుగున ‘వెట్టి’. ఆ శబ్దము నేటికిని మన పల్లెలలో వినబడును. కాని ‘ప్రణయ’ శబ్దమున మాత్రము నిఘంటువు మనలను మోసగించును. ప్రేమ, విశ్వాసము, యాచన అన్న అర్థములతో ఇచట వాక్యము పొసగదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోశాభిసంహరణ ప్రకరణము చదివినవానికి చిక్కు విడిపోవును. బొక్కసము వట్టిపోయినపుడు రాజు కర్షకులనుండి, వర్తకులనుండి అదనముగా గ్రహించు ధనమునకు అచట ప్రణయమని పేరు. అది ఒక్కమారే గాని రెండవమారు కూడదని కౌటిల్యుని నియమము. పేరున ప్రేమ, పనిలో బలవంతము! అర్థశాస్త్రమును మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున రుద్రపట్టణ శ్యామశాస్త్రిగారు గుర్తించి 1909లో ప్రకటించిరి. తాళపత్రము శిలను వివరించినది. శిల తాళపత్రమునందలి మాట వట్టి ఊహకాదని, దేశమున నిజముగా నడచినదని సాక్ష్యము పలికినది.

రెండవది వ్యాకరణము. ఈ గద్యము ప్రౌఢమైనదే యైనను పాణినీయునికి ఒకటి రెండు చోట్ల కాలు తగులును. గండి కొలత చెప్పునపుడు ‘వింశతి’ అని యుండవలసిన చోట ప్రాకృతచ్ఛాయ గల రూపము వచ్చినది. రాజు యుద్ధమందు తప్ప ఆజీవము మనుష్యవధ చేయనని ప్రతిజ్ఞ చేసెనని చెప్పు చోట ‘అన్యత్ర’ శబ్దయోగమున పంచమి ఉండవలసియుండగా సప్తమి కానవచ్చును. వీటిని తప్పులని గీటువేసి ఊరకుండుట సులభము. కాని క్రీ.శ. 150 నాటి పండితుని నోట సంస్కృతము ఎట్లు పలికినదో చూపు చిహ్నములివి. ప్రాకృతము ఇంటను, వీధిని, రాజశాసనములందును నడచుచున్న కాలమున, సంస్కృతమును రాజ్యవ్యవహారమునకు తెచ్చిన తొలివారిలో ఒకని కలము జారిన తావులివి. వేయిపుటల భాషాశాస్త్రగ్రంథముకంటె ఒక్క సప్తమి ఇచట ఎక్కువ చెప్పును.

మూడవది అలంకారశాస్త్రము. రుద్రదాముడు గద్యపద్యరచనలో నిపుణుడని చెప్పుచు శాసనకారుడు మంచిరచనకు గుణములు కొన్ని పేర్కొనెను: స్ఫుటత, లాఘవము, మాధుర్యము, వైచిత్ర్యము, కాంతి, శబ్దనియమము, ఔదార్యము, అలంకారయుక్తత. దండి చెప్పిన పదిగుణములలో మాధుర్యము, కాంతి, ఉదారత్వము పేరుతోడనే ఇందున్నవి. స్ఫుటతను ప్రసాద అర్థవ్యక్తులతో పోల్చవచ్చును. దండి దీనికి అయిదువందల యేండ్లకు పైగా తరువాతివాడు. కావున గుణచర్చ లక్షణగ్రంథములతో పుట్టలేదు. అంతకుముందే కవులలో వాడుకగా నుండెను. గద్యమునకు సమాసభూయస్త్వరూపమగు ఓజస్సు ప్రాణమని దండి చెప్పిన దానికి ఉదాహరణమును ఈ శిలమీదనే చూపవచ్చును. నేను కావ్యాదర్శము బోధించిన యేండ్లలో ఈ ఉదాహరణము నా నోట రాలేదు. నాకు తెలియదు గనుక రాలేదు.

ఈ విషయమునకు ఒక చరిత్ర కలదు. 1883లో మాక్సుముల్లరు పండితుడు, క్రీస్తుశకారంభమున సంస్కృతకావ్యము కొన్ని శతాబ్దులు నిద్రించినదనియు, ఆ తరువాతనే పునరుజ్జీవము పొందినదనియు వాదించెను. ఆ వాదమును 1890లో బ్యూలరు పండితుడు ఖండించెను. అతనికి ఆయుధములైనవి శాసనములే. వాటిలో ముఖ్యమైనది ఈ గిరినార శాసనము. రాతిపై తేదీ చెక్కియున్నది గనుక వాదమునకు తావులేకపోయినది. కాళిదాసుని కాలమును గూర్చి మన పండితులు ఎంత వాదించినను తేలని విషయమును, కావ్యభాష ప్రాచీనతను, ఒక చెరువుగట్టు శాసనము తేల్చినది. మన విద్య గౌరవమును నిలిపిన రాయి అది. దానిని చదివినవారు మనము కాకపోవుట నాకు బాధాకరము.

ఎవరి భాష, ఎవరి చెరువు

ఇంకొక విషయమును సంకోచము లేక చెప్పవలెను. రుద్రదాముడు శకవంశీయుడు; చష్టనుని మనుమడు, జయదాముని కుమారుడు. కట్టను కట్టించినవాడు పహ్లవుడు. అంతకుముందు తూములు పెట్టించినవాడు యవనుడు. మొదట త్రవ్వించినవాడు వైశ్యుడు. అదే కాలమున దక్షిణాపథమును ఏలిన శాతవాహనులు వైదికయాగములు చేసినవారయ్యు శాసనములు ప్రాకృతమున వ్రాయించిరి. సంస్కృతమున ఇంతటి దీర్ఘమును, ప్రౌఢమును అగు గద్యశాసనము తొలుత వెలసినది శకుని ఆస్థానమున. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. నాకు మాత్రము ఇందు సంస్కృతమునకు తక్కువతనము కానరాదు. భాష వంశమును అడుగలేదు, నేర్చినవానికి వశమైనది. చెరువును అంతే, కట్టినవాని కులగోత్రములు అడుగక నీరు నిలిపినది. శాసనకారుడు ఆ పేర్లన్నిటిని వరుసగా, ఎవరి కృతజ్ఞతను వారికి చెల్లించుచు వ్రాసినాడు. నాలుగువందల యేండ్ల క్రిందటి అధికారి పేరును మరువని ఆ స్మృతి మనకు నేర్వదగినది. మరియు ఆ ధర్మలిపులలో చక్రవర్తి తనను దేవానాంప్రియుడని, ప్రియదర్శి యని చెప్పుకొనునే గాని అశోకుడను పేరు వాటిలో లేదు. ఆ పేరు గిరినార శిలపై కానవచ్చునది రుద్రదాముని శాసనమున. అశోకుని స్వంతశాసనములలో ఆ పేరు గలవానిలో ఒకటి, నాటి హైదరాబాదు సంస్థానములోని మస్కిలో 1915లో బయల్పడినది.

ఆంధ్రులకు ఈ శాసనమున మరియొక సంబంధము కలదు. దక్షిణాపథపతియగు శాతకర్ణిని తాను రెండుమారులు జయించియు, దగ్గరి బంధుత్వమునుబట్టి నిర్మూలింపలేదని రుద్రదాముడు చెప్పుకొనెను. కన్హేరి గుహాశాసనము వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి క్షత్రపవంశపు కన్య యని తెలుపుటచే ఆ బంధుత్వము కట్టుకథ కాదని తేలుచున్నది. తరువాతి కాలమున నాగార్జునకొండలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని రాణులలో ఉజ్జయినీ రాజకుమారి రుద్రధరభట్టారిక కానవచ్చును. ఆమెయు క్షత్రపకుటుంబమునదే యని పరిశోధకుల ఊహ. మన కృష్ణాతీరమునకును ఆ గిరినగరమునకును వియ్యములు నడచినవన్నమాట.

శిల తన్ను తాను ఏమనుకొన్నది

రుద్రదాముని సేతువు సుమారు మూడువందల యేండ్లు నిలిచినది. స్కందగుప్తుని కాలమున, గుప్తసంవత్సరము 136లో, భాద్రపదమాసపు రాత్రి, వానలకు అది మరల తెగినది. సురాష్ట్రపాలకుడు పర్ణదత్తుడు, అతని కుమారుడు చక్రపాలితుడు నగరరక్షకుడు. ఆ చక్రపాలితుడు మరుసటియేడు కట్టను బాగుచేయించి, 138లో విష్ణ్వాలయమును కట్టించెను. ఈ శాసనము నానావృత్తములలో పద్యమయముగా నున్నది.

ఈ రెండు శాసనములను ప్రక్కప్రక్కన నుంచి చదివినపుడు నాకొక విషయము తోచినది. రుద్రదాముని శాసనకారుడు, కట్ట తెగినపుడు సుదర్శనము దుర్దర్శనమైనదనియు, తిరిగి కట్టినపుడు ‘సుదర్శనతరము’ అయినదనియు ఒక ఉపసర్గమార్పుతో, ఒక ప్రత్యయముతో చమత్కరించెను. మూడు శతాబ్దుల తరువాతి కవియు దుర్దర్శనమను ఆ చమత్కారమునే చేసెను. పేరునుబట్టి ఇద్దరికిని స్వతంత్రముగా తోచినదనుటకు అవకాశము లేకపోలేదు. కాని పూర్వశాసనము అదే రాతిపై, కన్నులయెదుట నున్నది. గుప్తకవి దానిని చదివి, పూర్వకవికి నమస్కరించినట్లు ఆ మాటను తిరిగి పలికెనని నా ఊహ. నాటి కవి రాతిని చదివినాడు. నేటి మనము చదువలేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది కడపటిది. ఆ గుప్తశాసనము సుదర్శనతటాకసంస్కారమను గ్రంథరచన సమాప్తమైనదని తన్ను తాను పేర్కొనుచున్నది. ‘గ్రంథ’మను మాట నాది కాదు, శిలదే. శాసనము గ్రంథము కాదని మనము విభజించిన విభజన ఆ రాతికి తెలియదు.

చదివిన పండితులు

పండితులు లిపి నేర్వజాలరన్నది సత్యము కాదు. 1822లో కర్నల్ టాడు ఈ శిలను చూచెను గాని చదువలేకపోయెను. 1837, 1838 సంవత్సరములలో ప్రిన్సెపు బ్రాహ్మీలిపి రహస్యమును ఛేదించినపుడు అతని ప్రక్కన కమలాకాంత విద్యాలంకారుడను వంగపండితుడుండెను. తరువాత ఆ జునాగఢములోనే 1839లో భగవాన్‌లాల్ ఇంద్రజీ జన్మించెను. ఇంటనే సంస్కృతము నేర్చిన సంప్రదాయకుటుంబపు బాలుడు. ప్రిన్సెపు అక్షరపట్టికను సంపాదించి, తన ఊరి రాతిని తానే చదువ మొదలిడెను. ఆంగ్లవిద్య అంతగా లేనివాడు. ఆయన గుజరాతీలో వ్రాసిన దానిని ఇతరులు ఆంగ్లమున ప్రకటించిరి. నాసికమునుండి నేపాళమువరకు శాసనములు చదివెను. ఖారవేలుని హాథీగుంఫా శాసనమును సవరించి చదివెను. హాలండు దేశపు లైడెన్ విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నిచ్చెను. 1888లో మరణించెను. మన పాఠశాలలలో ఆయన పేరును చెప్పినవారు నాకు తారసపడలేదు. పాఠశాల చదువు ఆయనకు అడ్డు కాలేదు, ఆధారమైనది. మనకు కావలసిన ప్రమాణపురుషుడు ఇంతకంటె ఎవరు?

దీనికి రెండు ఆక్షేపణలు వినవచ్చును. ఒకటి: శాస్త్రములకే కాలము చాలకుండగా లిపులు ఎప్పుడు నేర్పుదుమని. బ్రాహ్మీవర్ణమాల శ్రద్ధగల విద్యార్థికి ఒక మాసపు పని. మూడుమాసములు శబ్దములు వల్లించు ఓర్పు గలవానికి అదెంత? రెండవది: శాసనపరిశోధన కొరకు విశ్వవిద్యాలయములలో వేరు శాఖలున్నవి గదా యని. ఉన్నవి. కాని ‘అన్యత్ర’ యోగమందలి సప్తమియు, కర్మసచివ శబ్దమును, గుణపరిగణనమును చూచి ఆగగల కన్ను మన శాస్త్రములే ఇచ్చును. వారు మనకు లిపి నేర్పవలెను. మనము వారికి భాషను అందీయవలెను. ఈ ఇచ్చిపుచ్చుకొనుట జరుగక రెండు విద్యలును కుంటుచున్నవి.

కాలము మనకొరకు ఆగదు. ఒకప్పుడు యాత్రికులకై గిరినారమునకు బాట వేయువారు ఈ శిలలో కొంతభాగమును మందుగుండుతో ప్రేల్చిరి; అయిదవ, పదమూడవ ధర్మలిపులలో కొన్ని భాగములు ఆవిధముగా నశించినవి. పుణ్యకార్యమే చదువును చెరచినది. ఆ బాట వేసినవారికి ఆ గీతలు అక్షరములని తెలియదు. 1900లో జునాగఢ నవాబు శిలపై రక్షణగా మందిరము కట్టించెను. 2014లో ఆ మందిరపు గోడయు, కప్పును కూలినవి. సుదర్శనము నేడు లేదు. దాని కథను మోయు రాయి మాత్రము మిగిలినది.

కావున నా విన్నపము మూడు మాటలలో ముగియును. మన ప్రాచ్యకళాశాలలలో కావ్యపాఠముతోపాటు ఏటేట ఒక శాసనమును సంపూర్ణముగా చెప్పవలెను. మొదటియేడు గిరినార గద్యము. దానిని నాగరి ప్రతినుండి గాక, మూలపు అచ్చుప్రతినుండి చదివింపవలెను. మూడవది, ప్రతివిద్యార్థియు తన జిల్లాలోని ఒక సంస్కృతశాసనమును చదివి వ్యాఖ్య వ్రాయవలెను. ఇందుకు దూరము పోనక్కరలేదు. కడపజిల్లా పోరుమామిళ్ల చెరువును గూర్చి 1369 నాటి సంస్కృతశాసనము కలదు. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించెను. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములు, తగులరాని ఆరు దోషములు అందు చెప్పబడినవి. వేయిమంది కూలీలు, నూరుబండ్లు రెండేండ్లు పనిచేసిరని కూడ వ్రాసియున్నది. గిరినారము చదివినవాడు పోరుమామిళ్లను తనంతట తానే చదువుకొనగలడు. మనకును ఒక సుదర్శనము కలదని అప్పుడు తెలియును.

ఆనాడు నన్నడిగిన వృద్ధరైతు నేడు లేడు. తిరిగివచ్చిన రెండేండ్లకు శాసనము చదువుట ముగించి, అతనికి చెప్పవలెనని వారి ఊరికి పోయితిని. అప్పటికే అతడు గతించెను. తెగిన కట్ట, వలదన్న అధికారులు, వెట్టిలేక జరిగిన మరమ్మతు — ఈ కథ నాకంటె అతనికి బాగుగా తెలిసియుండెడిది. అతని ప్రశ్నకు ఆ రాతియెదుటనే బదులు చెప్పగల విద్యార్థులను మనము తయారు చేయుదుముగాక. విజ్ఞులు నా మాటలలోని దోషములను సవరించి, సారమున్నచో గ్రహింతురని ప్రార్థించుచున్నాను.